పన్ను కట్టలేదు, ఊరు కట్టుకున్నారు

చీరాలలో రైలు దిగి ఊళ్లోకి నడిచేవాళ్లకు ముందు తగిలేది బట్టల బేరం. ఎంజీసీ మార్కెట్ సందుల్లో తానులు భుజాన వేసుకున్న హమాలీలు ‘జరగండి, జరగండి’ అంటూ దూసుకుపోతుంటారు. చిల్లర వర్తకులు పొద్దున్నే వచ్చి, సరుకు మూట కట్టించుకుని, సాయంత్రం బండికి తిరుగుముఖం పడతారు. మినీ బొంబాయి అని ఈ ఊరికి ఊరికే పేరు రాలేదు. ఇంత సందడిగా ఉండే చోటు ఒకప్పుడు పదకొండు నెలలపాటు దాదాపు ఖాళీగా పడి ఉంది. అది 1921. కలరా రాలేదు, కరువూ రాలేదు. మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని జనమే తలుపులకు తాళాలు వేసుకుని పొలిమేర దాటారు.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇదొక మార్కు ప్రశ్న. చీరాల-పేరాల ఉద్యమ నాయకుడెవరు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అంతే, పేజీ తిప్పేస్తారు. అసలు సంగతి అక్కడితో తేలదు. ఈ ఊరి కథలో ఊరు వదలడం రెండుసార్లు వస్తుంది. ఒకసారి ఇక్కడి జనం బయటికి నడిచారు. ఇంకోసారి బయటి జనం ప్రాణాలు చేతబట్టుకుని ఇక్కడికి వచ్చారు. మొదటిదానికి పాఠం ఉంది, బిరుదు ఉంది. రెండోదాన్ని చీరాల చరిత్రలో కలిపి చెప్పేవాళ్లు తక్కువ. రెంటినీ ఒకచోట పెట్టి చూస్తేనే ఈ ఊరు నాకు అర్థమవుతుంది.

ముందు బట్ట సంగతి చెప్పుకోవాలి. ఆ బట్ట లేకపోతే ఈ ఊరే లేదు.

వేటపాలెం దాటి దక్షిణంగా పోతే, చినగంజాం మండలంలో సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల నాడు పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం కనిపిస్తుంది. ఓడ తుపానులో చిక్కి తీరానికి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజుదేనని లాక్కోవడం అంతకుముందు పాలకుల పద్ధతి. తాను అలా చేయననీ, సరుకు మీద ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు రాతిమీద మాట ఇచ్చాడు. ప్రాణంకన్నా ప్రియమైన ధనాన్ని పణంగా పెట్టి సముద్రం మీదికి వచ్చేవాళ్ల మీద దయతో చేస్తున్నానని చెప్పుకున్నాడు. దయ సంగతి ఎలా ఉన్నా, లెక్క మాత్రం గట్టి లెక్క. దోచుకుంటే ఓడ ఒకసారి వస్తుంది, వదిలేస్తే ఏటేటా వస్తుంది. ఆ శతాబ్దం చివర ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో ఇక్కడ నేసే సన్నని బట్టని చూసి తెగ మురిసిపోయాడు. ఎంత గొప్ప రాజైనా రాణైనా కట్టుకోదగ్గదన్నాడు. ఆ రాజ్యాన్ని ఏలే రాణిని మాత్రం పాత రాజు భార్యగా రాసేశాడు. మనకు తెలిసిన రుద్రమదేవి గణపతిదేవుడికి కూతురు. బట్ట విషయంలో ఆయన కంటిని నమ్మొచ్చు, చుట్టరికాల విషయంలో వద్దు.

రేవు పోయినా మగ్గం పోలేదు. చీరాల పేరు అరబ్బు దేశాల దాకా తీసుకెళ్లింది తేలియా రుమాలు. నూలును నూనెలోనూ, కాల్చిన ఆముదపు కాయల బూడిద తేటలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. అంత చాకిరీ చేస్తేనే నూలు రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత లెక్క ప్రకారం చిటికీలు కట్టి ఎరుపూ నలుపూ అద్దుతారు. మగ్గం మీద పడుగూ పేకా కలిసినప్పుడు డిజైను దానంతట అదే తేలుతుంది. నూనె వాసన వదలని ఆ చతురస్రపు గుడ్డ ఎడారి ఎండలో తలపాగాగా చల్లగా ఉంటుందని గల్ఫు తీరంలో గిరాకీ ఉండేది. ఆ పని ఇప్పుడు ఎక్కువగా నల్లగొండ వైపు పుట్టపాకలో సాగుతోంది. చీరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం మగ్గాలు కుప్పడం పట్టు చీరలకు మళ్లాయి.

ఈ నేతగాళ్ల నెత్తినే 1919లో మునిసిపాలిటీ వచ్చి పడింది.

అంతకుముందు చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి ఒక యూనియన్. దాని రాబడి ఏటా నాలుగు వేల రూపాయల చిల్లర. చీరాల, పేరాలలను కలిపి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చేసరికి పన్నుల భారం నలభై వేల దాకా ఎగబాకిందని అప్పటివాళ్లు చెప్పిన లెక్క. జనాభా సుమారు 15,000. అందులో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని నేతపనివాళ్లు, చిన్న రైతులు. ప్రభుత్వం చెప్పింది పారిశుద్ధ్యం, సౌకర్యాలు. జనానికి కనబడింది ఇంటి పన్ను కాగితం. యూనియన్ చాలు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. పన్ను కట్టడం మానేశారు. కౌన్సిలర్లు రాజీనామాలు చేస్తే సర్కారు జీతమిచ్చి ఒక చైర్మన్‌ను తెచ్చి కూచోబెట్టింది. పన్ను ఎగవేత కింద కొందరిని జైలుకు పంపింది. వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. స్థానిక స్వపరిపాలన శాఖ అప్పటికి తెలుగువాడి చేతిలోనే ఉంది. పానగల్లు రాజా రామరాయణింగారు ఆ శాఖ మంత్రి. స్వపరిపాలన శాఖే జనం వద్దన్న పాలనను వాళ్ల నెత్తిన రుద్దడం ఆ రోజుల తమాషా.

ఇక్కడికి వచ్చాడు గోపాలకృష్ణయ్య. ఆయన్ని మామూలు కాంగ్రెస్ నాయకుల వరసలో కూచోబెట్టడం కష్టం. 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఎడిన్‌బరో వెళ్లి ఎం.ఏ. చదివారు. అక్కడ ఉండగానే కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో స్నేహం కుదిరింది. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లిషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. భరతనాట్యం మీద ప్రపంచంలో ఎక్కడ రాసినా ఈనాటికీ ఆ పుస్తకం ప్రస్తావన వస్తుంది. తిరిగొచ్చి రాజమండ్రిలో ఉద్యోగం, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు. ఎక్కడా కుదురుగా నిలవలేదు. పైవాడి మాట పడే మనిషి కాదు. మాటకు మాట, పాటకు పాట, సభలో నిలబడి ఆశువుగా పద్యం కట్టి ఎదుటివాడి నోరు మూయించగల సత్తా. జనం ఆయన్ని ఆంధ్రరత్న అన్నారు.

ఆయన చేసిన గొప్ప పని రామదండు. ఉద్యమం అంటే తీర్మానాలూ చందాలూ అనుకునే కాలంలో, కాషాయ బట్టలు, రుద్రాక్షలు, నుదుట బొట్టుతో వందల మంది స్వచ్ఛంద సేవకుల దళం తయారు చేశారు. వాళ్లకు కవాతు నేర్పారు, భజన నేర్పారు. జనానికి రాముడి సైన్యం అంటే వివరించి చెప్పనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో చూసిందే. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చినప్పుడు ఆ తాకిడిని అదుపు చేసింది ఈ దండే. ఆ వేషం ఈనాటి కళ్లకు వేరే అర్థాలు ఇవ్వవచ్చు. ఆ రోజున దాని పని మాత్రం పన్నుకు ఎదురు నిలవడం, ఊరిని ఒక తాటి మీద ఉంచడం.

ఆ సమావేశాల తర్వాత ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. జనం ఆయన్ని అడిగింది ఒకటే. ఏం చేయమంటారు? గాంధీ రెండు దారులు చెప్పారు. ఒకటి, ఇంట్లోనే ఉండి పన్ను కట్టకుండా, జప్తులూ జైళ్లూ ఓర్చుకుంటూ, చేయి ఎత్తకుండా నిలబడటం. రెండు, మునిసిపాలిటీ హద్దు దాటి బయట కాపురం పెట్టడం. హద్దులో మనిషే లేకపోతే మునిసిపాలిటీ ఎవరిది, పన్ను ఎవరిమీద? ముస్లింల సంప్రదాయంలోని హిజ్రత్‌ను, అంటే ఊరు విడిచి వలసపోవడాన్ని, గుర్తు చేస్తూ చెప్పిన సలహా అది. దాంతోపాటు ఒక ముల్లు కూడా గుచ్చారు. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించొద్దన్నారు. మీ కష్టం మీరే మోయగలిగితేనే దిగండి అని. నన్నడిగితే ఈ ఉద్యమం తలరాత అక్కడే రాసేశారు. మంచికీ, చెడుకీ.

చీరాల రెండో దారి పట్టింది. ఏప్రిల్ చివరికల్లా కదిలారు. 15,000 మందిలో 13,000 మంది దాకా వెళ్లిపోయారని చెబుతారు. హద్దు బయట తాటాకు పాకలు, పందిళ్లు వేసుకుని ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

చదవడానికి ఇది రెండు వాక్యాలు. నేతపని తెలిసినవాడికి మాత్రం ఇక్కడ గుండె ఆగాలి. చీరాల మగ్గం గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని, కాళ్లతో పావుకోళ్లు తొక్కుతూ చేత్తో నాడె విసరాలి. చట్రం విప్పి మోసుకుపోవచ్చు, గుంటని మోసుకుపోలేరు. సగం నేసిన పడుగును చుట్టి తీసుకెళ్లాలంటే పోగు తెగకుండా, అచ్చులోంచి జారకుండా ఇద్దరు ముగ్గురు పట్టుకోవాలి. కొత్త చోట మళ్లీ గుంట తవ్వాలి. తూర్పు తీరపు ఇసుక నేలలో గుంట గోడ నిలవాలంటే దాని పాట్లు దానివి. వాన పడితే ఆ గుంటలోకి నీళ్లు వచ్చి పని ఆగిపోతుంది. కట్టుదిట్టమైన ఇళ్లల్లోనే ఇవాళ్టికీ వర్షాకాలం మగ్గాలు మూలపడతాయి. మరి తాటాకు పాకల్లో 1921 వానాకాలం ఎలా గడిచి ఉంటుంది? నాయకుల ఉపన్యాసాలు పుస్తకాలకెక్కాయి. గుంటలో నీళ్లు తోడి పోసిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు.

అయినా రామనగరం నిలబడింది. తగాదాలు వస్తే అక్కడే తీర్పు చెప్పుకున్నారు, కోర్టుకెక్కలేదు. రామదండు రాత్రుళ్లు కావలి తిరిగింది. పొద్దున్నే భజనలు. కొండ వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య వంటివాళ్లు అండగా నిలిచారు. గాంధీ తన ‘యంగ్ ఇండియా’లో చీరాల-పేరాల వాళ్ల తెగువను మెచ్చుకుంటూ రాశారు. దేశంలో ఎవరూ ఇంకా ఇంత దూరం రాలేదు. పన్ను నిరాకరణకు తర్వాత పేరుమోసిన బార్డోలీ గురించి అప్పటికి గుజరాత్ బయట ఎంతమంది విన్నారో!

దెబ్బ కొట్టింది పోలీసు లాఠీ కాదు, తరిగిపోయిన బియ్యం. పదమూడు వేల మందిని నెలల తరబడి పనీపాటా సరిగా లేకుండా నిలబెట్టాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు కోసమే గోపాలకృష్ణయ్య ఊళ్లు తిరిగారు. అలా తిరుగుతూ బరంపురంలో జరిగిన ఆంధ్ర మహాసభకు వెళ్లారు. బరంపురం అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే, గంజాం జిల్లాలో ఉండేది. మాట్లాడకూడదని 144 సెక్షన్ కింద ఉత్తర్వు చేతికిచ్చారు. ఆయన నోరు మూయించడానికి కాగితం చాలుతుందని అనుకున్నవాడెవడో ఆయన్ని ఎరగడు. మాట్లాడారు, పట్టుకుపోయారు, ఏడాది జైలు వేశారు. తిరుచిరాపల్లి జైల్లో ఆయన ఉండగా రామనగరం పాకలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీ దేశమంతటా సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపేసేసరికి నిలబడటానికి ఆసరా కూడా లేకపోయింది. జనం ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ ఎక్కడికీ పోలేదు.

ఓడిపోయారా అంటే కాగితం మీద ఓడిపోయారనే చెప్పాలి. అలా అని ఆ పదకొండు నెలలను, చీరాల అప్పట్లో ఉన్న గుంటూరు జిల్లాలోనే ఆ చివరి రోజుల్లో జరిగినదాని నుంచి విడదీసి చూడలేం. 1922 మొదట్లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పెదనందిపాడు రైతులు భూమిశిస్తు కట్టకుండా భీష్మించుకున్నారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చి కచేరీలు ఖాళీ చేశారు. పన్ను కట్టకపోవడం అనేది పండితుల తీర్మానాల్లోంచి పల్లె గడపలోకి దిగిందంటే దానికి దారి చూపినవాటిలో రామనగరం ఒకటి.

గోపాలకృష్ణయ్య జైలు నుంచి వచ్చి అఖిల భారత కాంగ్రెస్ కార్యదర్శి అయ్యారు. మనిషి మాత్రం చితికిపోయారు. క్షయ పట్టింది. చేతిలో డబ్బు లేదు, ఇంట్లో సౌకర్యం లేదు. 1928 జూన్ 10న, 39 ఏళ్లకే, చీరాలలోనే కన్నుమూశారు. విజయవాడలో కాంగ్రెస్ పార్టీ కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్ అని పేరు. ఆ గుమ్మం దాటేవాళ్లలో ఎంతమందికి అభినయ దర్పణం సంగతి తెలుసో అడగబుద్ధవుతుంది.

ఆ కాలపు కాగితాలు చూడాలంటే చీరాల పక్కనే వేటపాలెం ఉంది. జీడిపప్పు కొనుక్కోవడానికి వెళ్లేవాళ్లు ఒక పూట ఎక్కువ పెట్టుకుని సారస్వత నికేతనం చూసి రావాలి. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి 1918లో పెట్టిన గ్రంథాలయం అది. ఊరికి ఒక గ్రంథాలయం అని అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా తిరుగుతున్న కాలం. వేటపాలెం లాంటి చిన్న చోట పుట్టినా ఇది మాత్రం పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే స్థాయికి ఎదిగింది. కారణం పాత పత్రికలు. వేరే చోట్ల చిత్తుకాగితాల కొట్టుకు పోయిన సంచికలు ఇక్కడ బైండు చేసి అరల్లో పెట్టారు. 1929లో గాంధీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ తొక్కిసలాటలో ఆయన చేతికర్ర విరిగిపోయింది. ఆ ముక్కని ఇప్పటికీ దాచి ఉంచారు. వచ్చినవాళ్లంతా కర్ర చూసి ఫొటో తీసుకుంటారు. నా మాట వింటే కర్ర దగ్గర రెండు నిమిషాలు, పత్రికల దగ్గర రెండు గంటలు గడపండి. పెళుసుబారిన కాగితం అంచు వేలికి తగిలితే పొడిపొడిగా రాలుతుంది. పేజీ అడుగున అరచెయ్యి పెట్టి, మెల్లగా లేపి తిప్పాలి.

తర్వాతి రోజుల్లో ఈ ప్రాంతం నేతగాళ్ల గొంతును చట్టసభల్లో వినిపించినవాడు ప్రగడ కోటయ్య. నిడుబ్రోలులో పుట్టి, చీరాల నుంచి శాసనసభకు గెలిచి, చివరికి రాజ్యసభకూ వెళ్లారు. ఎక్కడ కూర్చున్నా ఆయన మాట్లాడేది నూలు ధర, చేనేతకు రిజర్వేషన్, సహకార సంఘాలు. ముఖ్యమంత్రి అయిన కొణిజేటి రోశయ్య కూడా ఇక్కడి నుంచే శాసనసభకు గెలిచారు. ఆయన బడ్జెట్ లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి ఇక్కడ ఆగక్కర్లేదు.

ఆగాల్సింది 1985 దగ్గర.

కారంచేడు చీరాలకు పది కిలోమీటర్ల లోపే. నీళ్లూ పొలాలూ ఉన్న సంపన్న గ్రామం. అక్కడ మాదిగవాడ వాళ్లు తాగునీళ్లు ముంచుకునే చెరువు దగ్గర అగ్రకులపు యువకులు గేదెను కడుగుతూ మురికి చేస్తే ఒక కుర్రవాడు ఇదేమిటని అడిగాడు. వాణ్ణి కొట్టబోతే నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ బిందె ఎత్తింది. అంతే. మర్నాడు, జులై 17న, వందల మంది మాదిగవాడ మీద పడ్డారు. దొరికినవాళ్లను పొలాల్లో తరిమి తరిమి కొట్టారు. ఆరుగురు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి.

ప్రాణాలతో మిగిలినవాళ్లు పరిగెత్తింది చీరాలకు. చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. సర్దిచెప్పి వెనక్కి పంపాలని చూసినా వాళ్లు కదల్లేదు. మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టం, ఇక్కడే చోటు చూపించండి అన్నారు. దళిత నాయకుడు కత్తి పద్మారావు వచ్చి నిలబడ్డారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదిలేసి వచ్చారు. దళిత మహాసభ ఆ శిబిరం నుంచే రూపు కట్టింది. ఆ శిబిరమే చివరికి చీరాలలో విజయనగర్ కాలనీ అయింది.

రామనగరానికీ విజయనగర్ కాలనీకీ మధ్య 64 ఏళ్లు. మొదటివాళ్లు ఊరు వదలడాన్ని ఆయుధం చేసుకున్నారు. వాళ్లకు తాళం వేసి వచ్చిన ఇల్లు ఉంది, తిరిగెళ్లాలనుకుంటే ఆపేవాడు లేడు, గాంధీ వచ్చి వెన్ను తట్టారు. రెండోవాళ్లను తరిమేశారు. వాళ్లు ఆ తరిమివేతనే పట్టుకుని, తిరిగి వెళ్లకపోవడాన్ని తమ పోరాటంగా మార్చుకున్నారు. పదకొండు నెలలకు రామనగరం ఖాళీ అయితే విజయనగర్ కాలనీ మాత్రం ఇవాళ్టికీ ఉంది. ఆ లెక్కన చూస్తే హిజ్రత్ పూర్తిగా చేసినవాళ్లు కారంచేడువాళ్లే. మొదటి కథను గర్వంగా చెప్పుకునే ఊరు రెండోదాన్ని ఎందుకో గొంతు తగ్గించి చెబుతుంది.

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అలాంటి చట్టం కావాలన్న ఒత్తిడి తెచ్చిన ఘటనల్లో కారంచేడుది ముందు వరస. కేసు మాత్రం ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు నడుస్తూ 2008 డిసెంబరులో సుప్రీంకోర్టులో తేలింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. ఆ లోపు ఇరవై మూడేళ్లు గడిచాయి. నిందితుల్లోనూ, సాక్షుల్లోనూ కొందరు అప్పటికే కన్నుమూశారు.  కాలనీలో అమరుల స్తూపం ఉంది. ఏటా జులై 17న చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం అక్కడికి వస్తారు. చీరాల చూడబోయేవాళ్లు ఎంజీసీ మార్కెట్, వాడరేవు బీచ్ అడుగుతారు. ఆటో అబ్బాయికి విజయనగర్ కాలనీ అని చెప్పినా తీసుకెళ్తాడు.